జవాబు ఇంకా రాలేదు

ఆ ఎండాకాలం ఒక పట్టపగలు నేను మా ఆయన్ని పట్టుకుని నా మొగుడు కాదనేశాను. నిజానికి నేనేమీ అనలేదు. నోరు మెదపకుండా, వేలు కదపకుండా ఉన్నాను. అయినా అన్నట్టే లెక్కయింది. ఇప్పుడు కొంత మాట తిరిగి వచ్చింది, నంగి మాటే అనుకోండి, అయినా మాటే కదా. అందుకని చెబుతున్నాను.

నాకు డ్రైవింగ్ స్కూలు ఉండేది. స్కూలంటే ఒకటే కారు, రెండు వైపులా బ్రేకులు, పక్క సీట్లో నేను. "బ్రేకు! బ్రేకు! కాళ్ళు ఇంట్లో పెట్టొచ్చారా సార్?" అని నేనరిస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగేవారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు నా వెనక నన్ను బ్రేకమ్మ అని పిలుచుకునేవారు. నాకు తెలియదనుకునేవారు పాపం. ఇంట్లో మా ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని. మా ఆయన దంతాల ల్యాబ్‌లో పని చేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసి పంపుతాడు. పొద్దస్తమానం పళ్ళ మధ్య కూర్చుని కూడా పెదవి విప్పని మనిషి. ఏమడిగినా "నీ ఇష్టం" అనేవాడు. అంతకు మించి అవసరం కూడా పడలేదు, మిగిలినదంతా నేను చూసుకునేదాన్ని.

అలాంటిదానికి మాట పడిపోయింది. ఎండలు ముదిరే రోజుల్లో, సిగ్నల్ దగ్గర, ఒక బ్యాంకు గుమాస్తా స్టీరింగ్ పట్టుకుని ఉండగా. ముందు లారీ ఆగింది. "బ్రేకు" అనబోయాను, రాలేదు. నా వైపు బ్రేకు తొక్కబోయాను, కాలు రాలేదు. గుమాస్తాయే తొక్కాడు. కారు ఆగాక నా వైపు తిరిగి, మెచ్చుకుంటానని కాబోలు, నవ్వాడు పిచ్చి నాయన.

తల వెనక భాగంలో రక్తం ఆడలేదన్నారు. బుర్ర శుభ్రంగా ఉంది. వినబడుతుంది, అర్థమవుతుంది, కోపం వస్తుంది. కోపం మామూలు కంటే ఒక పాలు ఎక్కువే వస్తుంది. నోరు మాత్రం పలకదు, కాళ్ళూ చేతులూ నావి కావు, మెడ నిలవదు. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే నేను చెప్పినట్టు వినేది, అది కూడా కిందికి నొక్కడం, కాస్త ఎత్తి ఉంచడం వరకే. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. కళ్ళార్పి ఏదో చెబుదామని చూస్తే, "కళ్ళు మండుతున్నట్టున్నాయి" అని మా ఆయన చుక్కల మందు వేశాడు. ఇంకోసారి ఆర్పాను. ఇంకో చుక్క వేశాడు.

మా చెల్లెలి కూతురు అప్పటికే కొంతకాలంగా మా వెనక గదిలో ఉంటోంది. గింజలు ఏరుకున్నట్టు కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తుందని దాన్ని పిట్ట అంటాను. వచ్చిన కొత్తలో దాన్నడిగాను, ఏం పని చేస్తావే అని.

"లైబ్రరీలు రాస్తాను పెద్దమ్మా."

"పుస్తకాలు రాసేవాళ్ళని చూశాం గానీ, లైబ్రరీ రాయడమేమిటే నీ మొహం?"

అది నవ్వి చెప్పింది. బ్రౌజర్లో పేజీలు తయారుచేసేవాళ్ళు ప్రతిదీ మొదటి నుంచి రాసుకోరట. తేదీలు లెక్కపెట్టే ముక్క ఒకరు, బొమ్మలు కదిలించే ముక్క ఒకరు రాసి అందరికీ ఉంచుతారట. కావలసినవాళ్ళు తీసుకుని తమ దాంట్లో పెట్టుకుంటారు. ఆ ముక్కలే లైబ్రరీలు. ఇది రాసేది ఫంక్షనల్ భాష అని ఒక పట్టుదల గల భాషలో. అందులో ఒకసారి పెట్టిన విలువని చెరిపి మార్చడం ఉండదు. ఇది ఇస్తే అదే వస్తుంది, ఎప్పుడిచ్చినా అదే వస్తుంది.

"అలాంటి మనిషి నాకు ఒక్కడూ తగల్లేదే ఇంతవరకూ," అన్నాను.

"పళ్ళలాగే," అన్నాడు మా ఆయన పేపరు చాటు నుంచి. ఇద్దరం అటు తిరిగాం. "ఎవరి నోరో తెలీదు. చేసి పంపుతాం. ఎవరో నములుతారు." మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు. పిట్ట పని ఆయనకే ముందు అర్థమైంది.

నేను మంచాన పడ్డాక పిట్ట తన పని పక్కన పెట్టి నా వేలి మీద పడింది. ఒక బొత్తాం, దానికి తగిలించిన తన ల్యాప్‌టాప్ పెట్టె. స్క్రీను మీద ప్రశ్న వస్తుంది, కింద ఒక గీత మెల్లగా పాకుతుంది. గీత చివరికి చేరేలోపు ఒకసారి నొక్కితే ఊఁ, రెండుసార్లు నొక్కితే ఊహూఁ. కాదు, లేదు, వద్దు, అక్కర్లేదు అన్నిటికీ ఆ ఒక్క ఊహూఁ చాలు గదా అని పిట్ట తన గొంతుతోనే ఆ రెండూ రికార్డు చేసింది. బొత్తాం మీద వేలు జారిపోతోందని మా ఆయన ల్యాబ్ నుంచి చిగుళ్ళు పోసే గులాబీరంగు ముద్ద తెచ్చి, నా వేలికి అచ్చు తీసి, సరిగ్గా సరిపోయే తొడుగు చేశాడు. వేలు అందులో కూర్చుంది.

"పెద్దమ్మా, నా మాట వినబడుతోందా?"

నొక్కాను.

"ఊఁ," అంది పెట్టె.

మా ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద కూర్చుండిపోయాడు. నాకు ఒళ్ళు జలదరించింది. జలదరించడం ఒళ్ళు మరిచిపోలేదన్నమాట. గొంతు పిట్టది, మాట నాది. రోజుకి వెయ్యి మాటలు వృథాగా పారబోసిన దాన్ని, ఆ ఒక్క ఊఁ నాకు ఎంత పెద్దదిగా వినబడిందో చెప్పలేను. ఆ పూటంతా ఏదో ఒకటి అడిగించుకుంటూనే ఉన్నాను. ఫ్యాను పెంచనా? ఊఁ. దిండు తియ్యనా? ఊహూఁ. సాయంత్రానికి పిట్ట ఆ ముక్కని శుభ్రం చేసి, ఇంకెవరికైనా పనికొస్తుందని లైబ్రరీగా అందరికీ పెట్టేసింది. కొన్నాళ్ళకి ఎక్కడెక్కడి వాళ్ళో తీసుకుని వాడుకుంటున్నారని మురిసిపోతూ చెప్పింది. నా వేలు చేసిన పని లోకమంతా తిరుగుతోందని నేనూ మురిసిపోయాను.

ఎండలు మంచి పాకంలో ఉండగా సర్జన్ గారు రమ్మన్నారు. చక్రాల కుర్చీలో వెళ్ళాం. మా ఆయన కుర్చీ తోశాడు, పిట్ట ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి పట్టుకుంది. సర్జన్ గారు నెమ్మదైన మనిషి. నాతోనే మాట్లాడారు, నా పక్కవాళ్ళతో కాదు. అది నాకు నచ్చింది.

"మెడ వెనక నుంచి తలలోకి పోయే రక్తనాళం ఒకటి బాగా సన్నబడిందమ్మా. అందులోంచి సన్నటి జాలీ గొట్టం పంపించి వెడల్పు చేస్తాం. చేస్తే మళ్ళీ ఇలాంటిది రాకుండా చాలావరకు ఆపొచ్చు. కానీ చేస్తుండగానే ఇంకోటి వచ్చే ప్రమాదమూ ఉంది. దాచిపెట్టి లాభం లేదు, మీకు తెలియాలి. ఇష్టమేనా?"

ప్రశ్న పిట్ట టైపు చేసింది. గీత పాకడం మొదలుపెట్టింది.

ఊఁ అననా? ఇంకోటి వస్తే? అది ఎక్కడ పడుతుంది? ఏం పట్టుకుపోతుంది? ఊహూఁ అననా? మరి ఇలాగే ఎదురుచూస్తూ పడి ఉండాలా? నాకు కావలసింది అవునూ కాదు, కాదూ కాదు. నాకు ఒకటి అడగాలని ఉంది. ఆ అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. అడిగేవాళ్ళంతా నా చుట్టూ ఉన్నారు, నేను మాత్రం అడగలేను. ఏం చెయ్యాలో తోచక వేలు ఎత్తిపెట్టి ఊరుకున్నాను.

గీత చివరికి చేరింది. "ఊహూఁ," అంది పిట్ట గొంతు పెట్టెలోంచి, స్పష్టంగా.

నేను అదిరిపడ్డాను. ఎవరే అన్నది! నొక్కాను, మళ్ళీ నొక్కాను, దబదబా నొక్కాను. ప్రశ్న అయిపోయాక నొక్కితే ఆ పెట్టెకి వినబడదు. సర్జన్ గారు పెన్ను మూత పెట్టేశారు.

"సరేనమ్మా. మీ నిర్ణయాన్ని మేం గౌరవిస్తాం. మనసు మార్చుకుంటే చెప్పండి. మరీ ఆలస్యం చెయ్యొద్దు."

నా నిర్ణయమా? ఓరి నాయనో! కుర్చీ వెనక్కి తిప్పారు. వరండా పొడుగునా నేను తిట్టిన తిట్లు ఎవరికైనా వినబడి ఉంటే ఆసుపత్రి ఖాళీ అయి ఉండేది.

ఆ తర్వాత ఇంట్లో అందరూ నన్ను గౌరవించడం మొదలుపెట్టారు. అంతకంటే నరకం లేదు. ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తరు. పిట్ట కళ్ళు ఎర్రగా ఉంటాయి, నా ముందుకొచ్చేసరికి నవ్వు పులుముకుంటుంది. మా ఆయన ఒక మధ్యాహ్నం నా కాళ్ళు ఒత్తుతూ ఒత్తుతూ ఆగి, బతుకులో మొదటిసారి తనంతట తాను ప్రశ్న టైపు చేశాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ.

"భయమేస్తోందా?"

నొక్కాను. ఊఁ.

"అందుకే వద్దన్నావా?"

రెండుసార్లు నొక్కాను. ఊహూఁ.

ఆయన మళ్ళీ టైపు చేశాడు. "మరి నామీద కోపమా?"

ఈయన మీద కోపమేమిటి, మధ్యలో! మళ్ళీ ఊహూఁ. అడగడం అలవాటు లేని మనిషికి ప్రశ్నలు అంతటితో అయిపోయాయి. "పోన్లే, నీ ఇష్టం," అని మళ్ళీ కాళ్ళు ఒత్తాడు. నాకు ఏడుపొచ్చింది. చుక్కల మందు వేశాడు.

అప్పుడే అనుకున్నాను. ఈ పెట్టె నేను ఊరుకుంటే తనంతట తానే మాట్లాడుతోంది. అది ఎంతెంత మాట్లాడుతుందో మాట్లాడనీ, వీళ్ళే వింటారు. మర్నాటి నుంచి వేలు కదపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పంతం పట్టానంటే నేను పట్టే రకాన్నే.

పొద్దున్నే పిట్ట వచ్చింది. "నొప్పిగా ఉందా పెద్దమ్మా?" గీత పాకింది. ఊహూఁ. "కిటికీ తెరవనా?" ఊహూఁ. "మూసే ఉంచనా?" ఊహూఁ. పిట్ట బుగ్గ గోక్కుంది. మా ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

"నేను పనికి వెళ్ళనా?"

ఊహూఁ.

"ఉండిపోనా మరి?"

ఊహూఁ.

"వెళ్ళొద్దూ, ఉండొద్దూ అంటే గుమ్మంలో నిలబడనా?" అన్నాడు. మా ఆయన హాస్యమాడడం నేనెరగను. లోపల పడీ పడీ నవ్వుతున్నాను. కానీ ఆయన మొహంలో నవ్వు లేదు. డబ్బా కింద పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, పిట్ట చేత టైపు చేయించాడు. "నేనెవరో గుర్తుందా నీకు? నీ మొగుణ్ణేనా?"

గీత పాకింది. నొక్కేద్దామా అనిపించింది. నొక్కలేదు.

"ఊహూఁ."

ఆయన మొహం పాలిపోయింది. "బుర్ర కూడా పోయిందా తల్లీ?" అన్నాడు పిట్టతో, నాకు వినబడకూడదన్నట్టు మెల్లగా. అది ఆయన వంక చూడటం లేదు. నా వేలి వంక చూస్తోంది.

"ఆగు పెదనాన్నా," అంది. "వేలు కదల్లేదు."

మళ్ళీ టైపు చేసింది. కిటికీలోంచి ఎండ నా దుప్పటి మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. "పెద్దమ్మా, ఇప్పుడు పగలేనా?"

వేలు ఎత్తే ఉంచాను. దానికి కనబడేలా ఇంకొంచెం ఎత్తాలని చూశాను. గీత చివరికి పోయింది.

"ఊహూఁ."

పిట్ట కుర్చీలో వెనక్కి వాలింది. "నా గొంతు అది," అంది. "నేనే అంటున్నాను. అన్నీ నేనే అంటున్నాను." తర్వాత వంగి నా చెవి దగ్గర, టైపు చెయ్యడం కూడా మరిచిపోయి, "ఆ రోజు డాక్టరుగారి దగ్గర నువ్వు నొక్కావా?" అంది. గబుక్కున గుర్తొచ్చి టైపు చేసింది.

రెండుసార్లు నొక్కాను. అదీ నా ఊహూఁ అంటే.

ఆ రోజు మా ఆయన పనికి పోలేదు. పిట్ట ల్యాప్‌టాప్ నా మంచం మీదే పెట్టుకుని, నాకు కనబడేలా తిప్పి, చేసిన నిర్వాకం చెప్పుకొచ్చింది. ఈ లైబ్రరీలో జవాబు అంటే రెండే రకాలని రాసిందట, నిజం, అబద్ధం. టైము అయిపోతే ఏం చెయ్యాలి? ఆటల పేజీల్లో అందరూ రాసినట్టే, అబద్ధం అని రాసేసింది. క్విజ్‌లో టైములోపు జవాబు చెప్పకపోతే తప్పే కదా. చెయ్యి తిరిగినవాళ్ళు ఆలోచించకుండా రాసేసే మాట అదొకటి.

"మనిషి ఊరుకోవడం కూడా ఒక జవాబేనని నాకు తట్టలేదు పెద్దమ్మా. నీకు చోటే పెట్టలేదు నేను."

ఇప్పుడు చోటు పెట్టింది. జవాబు అనేది ఇక మీదట నాలుగు రకాలని రాసింది: ఊఁ, ఊహూఁ, జవాబు ఇంకా రాలేదు, ఒక ప్రశ్న ఉంది. ఒకే ఒక్క చోట, ఆ నాలుగు మాటలే రాసి, నడిపించబోయింది.

స్క్రీనంతా ఎర్రబడింది.

పాడైపోయిందనుకున్నాను. పిట్ట మాత్రం కళ్ళు తుడుచుకుని ముందుకు జరిగింది. ఆ భాషకి కంపైలరని ఒక తనిఖీదారు ఉందట. రాసినదంతా చదివి, సరిగా ఉంటేనే నడవనిస్తుంది. ఇన్ని రకాల జవాబులున్నాయని నువ్వే అన్నావు గనక, ప్రతిచోటా ప్రతి రకానికీ ఏం చేస్తావో చెప్పు, చెప్పేదాకా నడవనివ్వను అంటుందట. అది అడుగుతున్నవి పిట్ట మా ఇద్దరికీ చదివి వినిపించింది.

"ఇక్కడ నొప్పి గురించి అడుగుతున్నావు. ఊఁకి, ఊహూఁకి ఏం చెయ్యాలో రాశావు. జవాబు ఇంకా రాకపోతే?" పిట్ట నా వైపు తిరిగింది. "రోజూ అడిగేవి ముందే రాసిపెట్టాను కదా, నువ్వు నిద్రలో ఉన్నప్పుడు కూడా ఈ పెట్టే అడిగేది పెద్దమ్మా. నొప్పి లేదని రాసుకునేది."

ఇంకోటి చదివింది. మందు వేసుకున్నావా అని అడిగేచోటు. ఇంకోటి, ఎవరైనా చూడటానికి వస్తే రానివ్వనా అని అడిగేచోటు. మా స్కూలు కారు బాగుచేసే మెకానిక్ ఒకసారి వచ్చి ఎందుకు వెనక్కి పోయాడో అప్పుడు తెలిసింది. ఆపరేషన్ అడిగిన పేజీ వచ్చింది. అది వచ్చేసరికి పిట్ట స్క్రీను మా ఆయన వైపు తిప్పింది. మా ఆయన వంగి, వేలు పెట్టి చూపిస్తూ, కూడబలుక్కుంటూ ఆయనే చదివాడు. "జవాబు ఇంకా రాకపోతే ఏం చేస్తావు?"

నేను ఆశ్చర్యపోయి చూస్తున్నాను. రోడ్డు మీద ఎన్నేళ్ళు కూర్చున్నాను పక్క సీట్లో! ఎంత కళ్ళు విప్పుకుని చూసినా ఏదో ఒక అద్దం వదిలేస్తాం, ఏదో ఒక సైకిలు మూల మీద నుంచి వస్తుంది. ఈ కంపైలర్ ఏదీ వదల్లేదు. నేను ఊరుకున్న చోటల్లా, నా బదులు ఇంకొకరు మాట్లాడిన చోటల్లా, ఒక్కొక్కటీ వేలెత్తి చూపిస్తోంది. అంతా సరి అయ్యేదాకా అంగుళం కదలనివ్వడం లేదు. నన్ను మించిన బ్రేకమ్మ ఉందిరా దేవుడా అనుకున్నాను. మనుషులు రాసిపెట్టిందే కదా అదీ. ఎక్కడో కూర్చుని, నా మొహం ఎరగనివాళ్ళు, మంచాన పడ్డ నన్ను ఏ ఒక్క మూలా మరిచిపోకూడదన్నట్టు రాసిపెట్టారు. వాళ్ళకి నా సంగతి తెలియదని తెలిసినా నాకు వాళ్ళందరికీ దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రానికి ఎరుపంతా పోయింది. గీత చివరికి చేరాక నొక్కినా ఇక పెట్టె వింటుంది. వేలు అలాగే నొక్కిపట్టి ఉంచితే 'ఒక ప్రశ్న ఉంది' అంటుంది. అప్పుడు అక్షరాలు వరస వరసగా వెలుగుతాయి. కావలసిన వరస వచ్చినప్పుడు నొక్కాలి, తర్వాత అక్షరం, తర్వాత దాని గుణింతం. ఆ వరసలు వెలిగించే ముక్క పిట్ట రాసింది కాదు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన లైబ్రరీ.

పని అయిందనుకుంటుంటే పిట్ట మళ్ళీ నీరుగారిపోయింది. "నా ఒక్కదాని దగ్గరే కాదు పెదనాన్నా. ఈ లైబ్రరీ వాడేవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఇదే జరుగుతూ ఉంటుంది." మెల్లగా, "చిన్న మరమ్మతు అని పెట్టేసి ఊరుకుంటే ఎవరికీ తెలీదేమో," అంది. దాని మొహం చూస్తే జాలేసింది. నలుగురూ మెచ్చుకున్న మొదటి పని అదే దానికి.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒకసారి కింది దవడ కొలత తప్పి చేసి పంపేశాను. వెనక్కి పిలిపించాం. నవ్వారు, తిట్టారు. ఏం చేస్తాం? నేను చేసింది ల్యాబ్‌లోనే గానీ, నొప్పి పుట్టేది వాళ్ళ నోట్లో కదమ్మా." ఆయన అంత పొడుగు మాట్లాడగా నేను వినలేదు. తిడదామన్నా నోరు లేదు, మెచ్చుకుందామన్నా నోరు లేదు.

తీరా చూస్తే చిన్న మరమ్మతు అని పెట్టే వీలే లేదు. ఆ భాషలో లైబ్రరీ బయటపెట్టే చోట ఇంకో తనిఖీ ఉందట. జవాబు రూపం మారింది గనక ఇది పెద్ద మార్పే, వెర్షన్ మొదటి అంకె మార్చాల్సిందే అని అదే తేల్చింది. పిట్ట ఒక నిట్టూర్పు విడిచి, పైన నాలుగు ముక్కలు రాసి నాకు చదివి వినిపించింది. "ఇన్నాళ్ళూ జవాబు చెప్పని మనిషి చేత నేను కాదనిపించాను. తప్పు నాది. మీ వాళ్ళని మళ్ళీ అడగండి." బాగుందా అన్నట్టు చూసింది. నొక్కాను. ఊఁ.

"ఇప్పుడేమవుతుంది తల్లీ?" అన్నాడు మా ఆయన.

"వాళ్ళు కొత్తది తీసుకోగానే వాళ్ళ ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆగి, జవాబు రాకపోతే ఏం చేస్తావని వాళ్ళనీ అడుగుతుంది. ప్రతి చోటా."

మా ముందు గదిలోంచి ఒక్క మాట మారితే ఎక్కడెక్కడి గదుల్లోనో, ఎవరెవరి మంచాల పక్కనో పెట్టెలు ఆగిపోయి అదే ప్రశ్న అడుగుతాయి. ఆ ఊహ నా గుండెలో పట్టలేదు. ఇంత లోకంలో నోరు లేని నాలాంటివాళ్ళు ఎంతమంది ఎత్తిపెట్టిన వేళ్ళతో ఎదురుచూస్తున్నారో అనుకుంటూ పడుకున్నాను.

రెండు మూడు రోజుల్లో జవాబులు వచ్చాయి. ఒకాయన తిట్టిపోశాడు, నడుస్తున్న పేజీని నాశనం చేశావని. పిట్ట మొహం ముడుచుకుంది, నాకు మాత్రం ఆయన తిట్టు నచ్చింది, నా స్కూల్లో పనికొస్తాడు. ఒకావిడ రాసింది: "మా తమ్ముణ్ణి రోజూ బయటికి తీసుకెళ్ళనా అని అడిగేవాళ్ళం. వద్దంటున్నాడని మానేశాం. ఇవాళ మళ్ళీ అడిగాం. ఈసారి ఆగాం. చాలాసేపు ఆగాం. వస్తానన్నాడు." పిట్ట అది చదివి లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన ఆవిడ రాసిన ఆ నాలుగు ముక్కలూ తనలో తాను చదువుకుంటూ కూర్చున్నాడు.

సర్జన్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. జరిగింది పిట్ట చెప్పింది, తప్పు తనదేనని కూడా చెప్పింది. ఆయన అంతా విని కుర్చీ నా ఎదురుగా లాక్కున్నారు. ఆపరేషన్ గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పి, "ఇష్టమేనా అమ్మా?" అన్నారు.

వేలు నొక్కిపట్టాను.

"ఒక ప్రశ్న ఉంది," అంది పెట్టె.

"అడగండి," అన్నారాయన.

అక్షరాలు వరస వరసగా వెలగసాగాయి. నా వేలు తడబడింది, ఒకసారి వరస తప్పింది, మళ్ళీ మొదటికి వచ్చాను. సర్జన్ గారి జేబులో ఫోను మోగితే చూడకుండానే నొక్కేశారు. తలుపు దగ్గర నర్సు వచ్చి నిలబడింది, ఆయన చెయ్యి చూపిస్తే వెళ్ళిపోయింది. వ దొరికింది. దానికి గుణింతం. తర్వాత ల. చివరికి రాసింది పిట్ట పైకి చదివింది.

"వేలు."

"వేలా?" అన్నారు సర్జన్ గారు. "ఏ వేలు?"

మా ఆయన కుర్చీ వెనక నుంచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతి కింద తన చెయ్యి పెట్టి ఎత్తి చూపించాడు. గులాబీ తొడుగులో ఉన్న ఆ ఒక్క వేలు.

సర్జన్ గారు ముందుకు వంగి దాని వంక చూశారు. ప్రాణం గురించి చెప్పారు, నడక గురించి చెప్పారు, దీని గురించి చెప్పలేదని ఆయన మొహంలోనే కనబడింది. "నేను మాట ఇవ్వలేనమ్మా," అన్నారు. "చేస్తుండగా ఇంకోటి వస్తే ఇది పోవచ్చు. చెయ్యకపోతే, మళ్ళీ వచ్చిన రోజున ఇది మిగలదనే నేననుకుంటున్నాను. చెయ్యమనే చెబుతాను. కానీ ఇది పోదని మాత్రం అబద్ధం చెప్పలేను."

పిట్ట ముక్కు ఎగబీల్చింది.

"ఇది పోతే కనురెప్పకి రాస్తాను," అంది. "రెప్ప కూడా కదలకపోతే ఊపిరికి రాస్తాను. ఏది మిగిలితే దానికి రాస్తాను పెద్దమ్మా. నాకు వచ్చిన పని అదే."

ఎంత మాటన్నావే పిట్టా! నా కళ్ళు నిండాయి. మా ఆయన జేబులోకి చెయ్యి పెట్టి చుక్కల సీసా తీశాడు. నా మొహం వంక ఒకసారి పరకాయించి చూసి, దాన్ని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. అప్పుడు ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, అక్షరాలు వెతుక్కుంటూ, ఆయనే టైపు చేశాడు.

"ఏమోయ్, ఇష్టమేనా?"

గీత పాకి చివరికి చేరింది. పెట్టె ఏమీ అనలేదు. 'జవాబు ఇంకా రాలేదు' అని స్క్రీను మీద నిలిచింది. సర్జన్ గారు కదల్లేదు, పిట్ట కదల్లేదు. మా ఆయన నా చెయ్యి కింద నుంచి తన చెయ్యి తియ్యలేదు. ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి నా కోసం ఆగారు. అరిచి అరిచి బతికిన దాన్ని, నా మౌనం కోసం ఎవరైనా అలా ఆగడం పుట్టి బుద్ధెరిగి అదే మొదలు. కావలసినంతసేపు ఆలోచించుకున్నాను.

నొక్కాను. ఒక్కసారే.